రైతు మోతాదు

నేలలో దిగేసిన చట్రం మీద డబ్బాని మూతలా బోర్లించి, చుట్టూ ఉన్న గాడిలో నీళ్లు పోసి, నాలుగు పక్కలా అరచేత్తో నొక్కి చూసుకుని "సున్నా" అన్నాను. నాలుగడుగుల అవతల, మొక్కజొన్న వరుసల మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చున్న మా ఆయన చేతి గడియారం చూసుకుని కాగితం మీద తొమ్మిదీ పది అని రాసుకున్నాడు. పలకలేదు. పలకకపోవడం ఇది తొమ్మిదో రోజు. నేను సిరంజీ సూదిని డబ్బా నెత్తిన ఉన్న రబ్బరు బిరడాలోకి దించి, లోపలి గాలిని రెండుసార్లు అటూ ఇటూ ఆడించి, మూడోసారి నిండా లాగి, వేలంత గాజు సీసాలోకి ఎక్కించి, దాని మీద పెన్సిల్‌తో సున్నా వేశాను. ఇక ఇరవై నిమిషాల దాకా నాకు పని లేదు. ఇరవైకి ఒక సీసా, నలభైకి ఒకటి, అరవైకి ఒకటి. డబ్బా కింద ఉన్న ఈ మూరెడు నేల గంటలో ఎంత గాలి వదిలిందో, అందులో ఏముందో ఆ నాలుగు సీసాలే చెప్పాలి. అంతవరకు కదలకూడదు. పక్కన అడుగేస్తే మట్టి అదిరి, లోపల ఇరుక్కున్న గాలి ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది. ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు, మా అమ్మాయి చెప్పింది. "నాన్నా, అక్కడ కదలకూడదంట, దగ్గొస్తే పక్కకి తిరిగి దగ్గాలంట" అని పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో దువ్వెనతో, సగం జడతో.

తొమ్మిది రోజులుగా మా మధ్య కబుర్లు మోస్తోంది పిల్ల. మీ అమ్మకి చెప్పు, గ్యాస్ అయిపోవచ్చిందని. మీ నాన్నకి చెప్పు, చొక్కా ఇస్త్రీకి ఇచ్చానని. పద్నాలుగేళ్ల పిల్లకి ఎంత ఓపికని ఉంటుంది, నిన్న కంచం ముందు కూర్చుని, "నేనేమన్నా పోస్ట్‌మ్యాన్‌నా? ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు కదా, స్టాంపు కూడా అక్కర్లేదు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది, మీసం కొస కదిలింది, నేను చూశాను. ఇద్దరం చెరొక ముద్దతో పాటు ఆ నవ్వుని మింగేశాం. పదిహేడేళ్ల కాపురంలో ఇంత పొడుగు మౌనం ఎప్పుడూ లేదు. పోట్లాడుకున్నాం, బోలెడు. ఆయన కేకలేస్తాడు, నేను గిన్నెలు గట్టిగా పెడతాను, సాయంత్రానికి ఇద్దరిలో ఎవరో ఒకరు "టీ పెట్టనా" అంటారు, అయిపోతుంది. ఈసారి టీ ఎవరిది వాళ్లమే పెట్టుకుంటున్నాం. రెండు గిన్నెలు, రెండు వడపోతలు. ఒకే పొయ్యి ముందు ఒకరి తర్వాత ఒకరు నిలబడటం, లైనులో నిలబడ్డ పరాయి మనుషుల్లా.

అయినా మా ఆయన ఇవాళ నాతో వచ్చాడు. నాతో రోజూ వచ్చే సహాయకుడు, ఎన్నో ఏళ్లుగా ఈ డబ్బాలు మోసిన మనిషి, మెట్టు మీద కాలు మడతపడి మంచమెక్కాడు. మాతో పనిచేసే మిగతా నలుగురూ ఈ చేలోనే పక్క ముక్కల్లో ఇద్దరిద్దరు చొప్పున ఇలాంటి డబ్బాల ముందే కూర్చున్నారు. ఈ పనికి ఇద్దరు ఉండాలి, నా చేతులు సిరంజీ మీదా కళ్లు సీసా మీదా ఉంటే టైము చెప్పడానికీ మట్టి వేడి చూసి రాయడానికీ ఇంకో మనిషి కావాలి. వాయిదా వేద్దామంటే కుదరదు. మొన్న యూరియా వేశాం, నిన్న వాన పడింది. యూరియా మీద వాన పడితే మట్టిలో కంటికి కనపడని జీవాలకి పండగ, తిన్నంత తిని మిగతాది గాలి చేసి వదిలేస్తాయి. పంటకాలం మొత్తంలో వచ్చే ఆ గాలిలో పెద్ద వాటా ఈ నాలుగైదు రోజుల్లోనే పైకి వచ్చేస్తుంది. ఇవాళ తప్పితే ఈ పంట తప్పినట్టే. నిన్న సాయంత్రం ఫోన్లో మా పై ఆఫీసరు మేడంతో "మనిషి దొరకడం లేదండీ" అంటుంటే ఆయన పక్క గదిలో ఉన్నాడు. పొద్దున్న చూసేసరికి బండి తుడిచి, గేటు ముందు స్టార్ట్ చేసి పెట్టుకుని కూర్చున్నాడు. రమ్మనలేదు, ఎక్కమనలేదు. నేను సిరంజీల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. బండి కదిలింది.

ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు మహానుభావుడు. పొలంలోకి ఇస్త్రీ చొక్కా. నల్ల ప్యాంటు మడమల దగ్గర రెండు మడతలు పెట్టుకున్నాడు, అప్పుడే బురద అంటింది, ఆ బురద వంక ఎవరో చుట్టం పిలవకుండా వచ్చినట్టు చూసుకుంటున్నాడు. మొక్కలు భుజాలదాకా పెరిగాయి, కూర్చుంటే ఇద్దరం కనపడం ఎవరికీ. ఆకుల మొదళ్లలో నిన్నటి వాన నీళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి, గాలి కదిలినప్పుడల్లా ఒక్కో చుక్క జారి ఆయన మెడ మీద పడుతోంది, ఉలిక్కిపడి, కదలకూడదని గుర్తొచ్చి, అలాగే బిగుసుకుపోతున్నాడు. కొట్లో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోని మనిషి. ఎరువుల కొట్టు ఆయనది, వాళ్ల నాన్న పెట్టింది. బస్తాల మీద చెయ్యేసి మాట్లాడతాడు, గుర్రం వీపు నిమిరినట్టు. ఎవరు మెట్టెక్కినా పేరుతో పిలుస్తాడు, ఏ చేను ఏ మూల పల్లమో, ఎవరి నేల నీళ్లు తాగుతుందో ఎవరిది తాగదో చెప్తాడు. చేలోకి మాత్రం దిగి ఎన్నేళ్లయిందో. అవసరం లేదు కదా, చేలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి, ఒక మొక్క పీకి పట్టుకుని, "ఇదిగో అన్నా, ఆకు ఇలా పసుపెక్కింది" అంటూ.

ఆయన కొట్టు వాసన ఇక్కడ కూడా వస్తోంది. తడి మట్టి వాసన కింద, ఆకు పచ్చి వాసన కింద, సన్నగా, ముక్కు లోపల గుచ్చినట్టు. యూరియా కరిగితే వచ్చే వాసన. పెళ్లయిన కొత్తలో ఆయన చొక్కాలు నానబెడితే ఆ వాసనకి కళ్లు మండేవి. తర్వాత అలవాటైంది, తర్వాత ఇష్టమైంది. ఇష్టమైందని ఎప్పుడు తెలిసిందంటే, పిల్ల కడుపులో ఉన్నప్పుడు నాకే వాసనా పడేది కాదు, సబ్బు పడేది కాదు, పువ్వు పడేది కాదు, ఆయన సాయంత్రం కొట్టు మూసి వచ్చి పక్కన కూర్చుంటే మాత్రం వికారం తగ్గేది. "నీకు కావాల్సింది మొగుడు కాదు, బస్తా" అని నవ్వేవాడు. ఆయన్ని మొదటిసారి చూసిందీ ఆ వాసనలోనే. వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఉద్యోగానికి చేరిన మొదటి నెల, చిన్న కుండీల్లో మొక్కలు పెంచి చూడాల్సిన పని ఇచ్చారు నాకు. కొట్టుకెళ్లి యూరియా కావాలన్నాను. ఎంత పొలం అన్నాడు. పొలం లేదు, పదమూడు కుండీలు అన్నాను. కుండీకి ఎంత అన్నాడు. నాలుగు గ్రాములు. నన్ను ఎగాదిగా చూసి, నవ్వు ఆపుకుని, పక్కన బంగారం కొట్టుకెళ్లి వాళ్ల చిన్న త్రాసు అడిగి తెచ్చి, పదమూడు పొట్లాలు కట్టాడు. ఒక్కొక్కటీ విడిగా తూచి. ఒక గింజ ఎక్కువైతే గోటితో తీసేసి. నా వెనక నలుగురు రైతులు నిలబడి తిట్టుకుంటున్నారు. వారం తర్వాత మా క్షేత్రం గేటు దగ్గరికి వచ్చి వాచ్‌మన్‌ని అడిగాడట, "నా నాలుగు గ్రాముల పంట ఎలా ఉందో చూడొచ్చా" అని. అంత ఖచ్చితంగా తూచే చెయ్యి. అది తలుచుకుంటే ఈ తొమ్మిది రోజుల్లో ఎప్పుడైనా సరే, ఏ పని మధ్యలో ఉన్నా సరే, నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఇరవై."

ఉలిక్కిపడ్డాను. ఆయన గొంతు. పిల్లకి కాదు, గోడకి కాదు, నాకు. ఒక్క అంకె, అయినా నాకే. సూది దించాను. ఆడించి, లాగి, సీసాలోకి ఎక్కించి, ఇరవై అని రాశాను. "మట్టి వేడి" అన్నాను. ఆయన ముందుకు వంగి నేలలో గుచ్చిన థర్మామీటరు చూసి, అంకె పైకి చెప్పకుండా రాసుకుని, కాగితం నాకు కనపడేలా తిప్పాడు. ఇరవై ఏడు. ఆయన ఏడు ఎప్పుడూ మధ్యలో చిన్న గీత పెట్టి రాస్తాడు, ఒకటితో కలిసిపోకుండా. మా అమ్మాయికీ అదే అలవాటు వచ్చింది. నాకూ వచ్చింది, ఎప్పుడు వచ్చిందో తెలియదు.

గాలి మేడం అంటారు నన్ను రైతులు. ఎగతాళికి మొదలైంది, ఇప్పుడు పేరైపోయింది. తొమ్మిది రోజుల కిందటి రైతుల మీటింగులో కూడా అలాగే పిలిచారు, "గాలి మేడం మాట్లాడతారు, అందరూ కూర్చోండి" అని. నలభై మంది, ప్లాస్టిక్ కుర్చీలు, నెత్తిన టకటకమనే ఫ్యాను. తెర మీద బొమ్మ చూపించాను, మూడేళ్ల సీసాల లెక్క అంతా మూడు గీతల్లో. యూరియా వేయని ముక్క గీత నేల మీద పాకుతోంది. ఎకరానికి ఒక బస్తా వేసిన ముక్క గీత కాస్త తలెత్తింది. రెండు బస్తాల ముక్క గీత వాన పడ్డ మర్నాడు నిలువునా లేచింది, తెర పైఅంచుని గుద్దుకుంది. పంట చూస్తే ఒక బస్తాకీ రెండు బస్తాలకీ నాలుగు గంపల తేడా కూడా లేదు. రెండోది పైరుకి కాదండీ, గాలికీ నీళ్లకీ పోతోంది, అన్నాను. అప్పుడు ముందు వరసలో ఒకాయన, చెడ్డవాడు కాదు, నిజంగానే తెలుసుకుందామని, "మరి మీ ఆయన రెండు వెయ్యమంటాడే మేడం?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఎన్ని అనొచ్చు ఆ క్షణంలో. ఆయన అనుభవం ఆయనది అనొచ్చు. ఒక్కో నేల ఒక్కో తీరు అనొచ్చు. ఇంటికెళ్లి అడుగుతా ఉండండి అని నవ్వేసినా అయిపోయేది. మైకు చేతిలో ఉంది, తెర మీద నా గీత ఉంది, మూడేళ్ల చాకిరీ ఉంది. "ఆయన చెప్పేది తప్పండీ" అన్నాను. మైకులోంచి ఆ మాట గోడకి కొట్టుకుని నా దగ్గరికే తిరిగొచ్చింది. తలెత్తితే వెనక వరస వెనక, తలుపు దగ్గర, ఆయన. చేతిలో నా క్యారేజీ. పొద్దున్న మర్చిపోయి వచ్చాను, ఇద్దామని వచ్చాడు. దాన్ని పక్కనున్న కుర్చీ మీద పెట్టి, ఒరిగిపోకుండా సరిచేసి మరీ, వెళ్లిపోయాడు.

నవ్వారని కోపం అనుకున్నాను మొదట. ఆయన్ని చూసి జనం నవ్వడం కొత్త కాదు, ఆయనే నవ్విస్తాడు, తన బట్టతల మీద, తన పొట్ట మీద, చివరికి నా వంట మీద కూడా. మగవాడి పట్టింపు అనుకున్నాను తర్వాత రెండు రోజులు, నా ఉద్యోగం నాది, నిజం నిజమే కదా అని నాలో నేనే వాదించుకుంటూ అంట్లు తోముకున్నాను. కొట్టుకి జనం తగ్గుతారని భయమేమో అనుకున్నాను. ఏదీ అతకలేదు. ఇప్పుడు ఈ ఆకుల మధ్య, చీమ ఒకటి డబ్బా అంచు ఎక్కుతూ గాడిలో నీళ్లు చూసి వెనక్కి తిరుగుతుంటే, దాని వంకే చూస్తూ ఆ హాలు మళ్లీ గుర్తు తెచ్చుకుంటే, నాకు ఆయన నిలబడ్డ చోటు కనిపించింది. వెనక. అందరికంటే వెనక. నలభై మందికి తెలిశాక ఆయనకి తెలిసింది. మూడేళ్లు ఒకే కంచుగిన్నెలోంచి పెరుగు వేసుకున్నాం. మూడేళ్లు ఆయన రోజూ అడిగాడు, "ఏం చేశావు ఇవాళ?" అని. నేను రోజూ చెప్పాను, "ఏముంది, గాలి పట్టాను" అని.

చెబుదామనుకున్న రోజు ఒకటుంది. మొదటి ఏడాది, ఆ గీత మొదటిసారి నిలువునా లేచిన సాయంత్రం. ఇంటికొచ్చేసరికి వాకిట్లో మొక్కజొన్న కంకుల గంప. ఎవరో రైతు, పంట పోతుందనుకుంటే నిలిచిందట, "నీ మాట విన్నందుకు" అని తెచ్చి పెట్టి వెళ్లాడట. ఆయన పొయ్యి దగ్గర పీట వేసుకుని కంకులు కాలుస్తున్నాడు, పిల్ల పక్కన కూర్చుని విసురుతోంది, ఇద్దరి ముఖాలకీ మసి. లేతది ఏరి, ఊది, నా చేతిలో పెట్టాడు. "తిను, ఇది మనం పండించినట్టే" అన్నాడు. తిన్నాను. చాలా తియ్యగా ఉంది. ఆ రాత్రి చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు. చెప్పని మాటకి ఒక గుణం ఉంది, అది చెడిపోదు, ఎండిపోదు, ఎక్కడ పెట్టామో అక్కడే ఉండి రోజుకింత బరువెక్కుతుంది. చివరికి మోయలేక ఎక్కడో అక్కడ దించేస్తాం. నేను మైకు ముందు దించేశాను.

"ఇది నా మోతాదేనా?"

ఆయనే. బకెట్ మీంచి కదలకుండా, గొంతు తగ్గించి, మొక్కల మొదట్లో పాతిన చిన్న రేకు బోర్డు వంక చూస్తూ. రైతు మోతాదు, రెండు బస్తాలు, అని దాని మీద నా చేతిరాత.

"రైతు మోతాదు అని రాశాం" అన్నాను.

"అది చదివాను. రైతుకి చెప్పిందెవరు?"

"మీరే" అన్నాను. ఆయన తలూపాడు. చాలాసేపు ఆ మొక్కల్నే చూశాడు. ఆకులు మరీ ముదురు పచ్చగా ఉన్నాయి, నల్లబారినట్టు, ఎక్కువ తిన్న పైరుకి ఉండే రంగు, ఆయనకి నేను చెప్పాల్సిన పని లేదు. చెయ్యి చాపి ఒక ఆకుని వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు, కొట్లో రైతులు తెచ్చిన మొక్కని చూసినట్టే. "ఎంత పోతుంది?" అన్నాడు.

చెప్పాను. ఇంట్లో చెప్పాల్సినట్టు, మెల్లగా, మైకు లేకుండా. వేసినదాంట్లో సగానికి సగం పైరుకి అందదని. కొంత నీళ్లతో దిగిపోతుందని, కొంత ఇదిగో ఈ ఘాటు వాసనై పోతుందని. అన్నిటికంటే తక్కువ, చిటికెడంటే చిటికెడు, ఈ డబ్బాలోకి వచ్చే గాలి అవుతుందని, దానికి వాసన లేదు, రంగు లేదు, పైకెళ్లాక మాత్రం వందేళ్లు దాటినా అక్కడే ఉండి ఎండ వేడిని పట్టి ఉంచుతుందని, పొగ గొట్టాల్లోంచి వచ్చే గాలి కంటే బరువుకి బరువు కొన్ని వందల రెట్లు ఎక్కువగా అని. ఆయన వింటున్నాడు. "వందేళ్లు" అన్నాడు ఒకసారి. తర్వాత వేళ్లు మడుస్తూ ఏదో లెక్క వేసుకున్నాడు, నాకు అర్థమైంది, మా అమ్మాయి వయసు, అమ్మాయికి పిల్లలు పుడితే వాళ్ల వయసు. లెక్క మధ్యలోనే ఆగి గడియారం చూసుకుని, "నలభై" అన్నాడు.

మూడో సీసా నింపాను. రాశాను. పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాను. ఒక చుక్క ఆకు మీంచి జారి నా చేతి మీద పడింది. ఇక ఇరవై నిమిషాలు ఉన్నాయి, ఈ ఇరవై దాటితే మళ్లీ బండి వెనక కూర్చుని, ఆయన వీపు చూసుకుంటూ ఇంటికెళ్లి, ఎవరి టీ వాళ్లం పెట్టుకోవాలి.

"మీకు ముందు చెప్పాల్సింది" అన్నాను. "మీటింగులో కంటే ముందు. అందరికంటే ముందు."

ఆయన కాగితం మీదే కళ్లు ఉంచి, "మూడేళ్లు?" అన్నాడు.

"మూడేళ్లు."

"రోజూ అడిగేవాణ్ణి కదే."

ఆ 'కదే'లో కోపం లేదు. ఉంటే బాగుండేది. "భయమేసింది" అన్నాను.

"నేనంటేనా?"

"కాదు. మీ మొహం చూడాల్సి వస్తుందని. చెప్పాక మీ మొహం ఎలా అవుతుందో అని."

దూరంగా పక్క ముక్కలో మావాళ్లెవరో టైము చెప్పుకుంటున్నారు. మబ్బు ఒకటి సూర్యుడి మీదికి వచ్చి, మొక్కల మధ్య పచ్చటి నీడ నింపి, వెళ్లిపోయింది. ఆయన మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు నాతో కాకుండా ఆ బోర్డుతో మాట్లాడుతున్నట్టు ఉంది. "మా నాన్న ఒకటే చెప్పేవాడు" అన్నాడు. "ఒకటే బస్తా. ఎవడైనా ఇంకోటి అడిగితే తిట్టి పంపేవాడు. ఆయనకి చెల్లింది. నేను కొట్లో కూర్చున్న రెండో ఏడు, ఒకాయన వచ్చాడు, ఒకటి చాలన్నాను. ఆ ఏడు పంట పోయింది. ఎందుకు పోయిందో, వాన లేకో, పురుగు పట్టో. ఆయన వచ్చి కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు. తిట్టలేదు. 'ఇంకోటి వేసుంటే నిలిచేదా బాబూ' అని అడిగాడు. అంతే. రోజూ వచ్చి కూర్చునేవాడు, నా మొహం చూసేవాడు. అప్పట్నుంచి రెండు చెప్తున్నా." ఆకుని వదిలేశాడు, అది వేళ్ల మడతతోనే ఉండిపోయింది. "తక్కువ చెప్పి పంట పోతే ఆ మనిషి మొహం చూడాలి. ఎక్కువ చెప్తే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఎక్కువైందని ఏ రైతూ వచ్చి మెట్ల మీద కూర్చోడు." నల్లబారిన ఆ ఆకు వంకే చూస్తూ, "రంగు చూస్తే తెలియదా నాకు. ఎప్పట్నుంచో తెలుసు. నువ్వు తప్పన్నావని కాదు బాధ" అన్నాడు. ఇక అనలేదు. అనక్కర్లేదు కూడా, ఆ మిగతా సగం నేను చీమని చూస్తూ ముందే కనుక్కున్నాను.

పదిహేడేళ్లు. ఆ మెట్ల మీద మనిషి సంగతి నాకు ఇప్పుడు తెలిసింది. నా గీత గురించి ఆయనకి చెప్పలేదని ఏడుస్తున్నాను, ఆయన దగ్గర కూడా ఒకటుంది, నాకంటే పాతది. పక్కపక్కన పడుకుని, ఒకే దుప్పటి లాక్కుని, ఇద్దరం చెరొక మూట తలకింద పెట్టుకున్నాం. నాలుగు గ్రాములు గోటితో సరిచేసిన ఆ చెయ్యి రెండు బస్తాలకి ఎలా వచ్చిందా అని ఎన్నిసార్లు అనుకున్నాను, అడగలేదు. ఆశ అనుకున్నాను, అలవాటు అనుకున్నాను. భయం అని ఒక్కసారి కూడా అనిపించలేదు. మా ఆయనకి భయాలుంటాయని తెలియకపోవడమేమిటి, బల్లిని చూస్తే మంచమెక్కే మనిషికి. లేచి ఆ నాలుగడుగులూ వేసి పక్కన కూర్చోవాలనిపించింది, కదలకూడదు. పన్నెండు నిమిషాలు. ఇంత పొడుగు పన్నెండు నిమిషాలు నేను చూడలేదు. ఆయన కూడా అటే కూర్చుని, జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి, ముఖం తుడుచుకుని, మళ్లీ మడతపెట్టి, అది నాకివ్వాలన్నట్టు చెయ్యి సగం చాపి, దూరం చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు ఆయన జేబులో ఫోను గిలగిలలాడింది. తీసి, పేరు చూసి, ఎత్తాలా వద్దా అన్నట్టు నా వంక చూశాడు. ఎత్తమని కళ్లతో చెప్పాను. కౌలుకి చేసే కుర్ర రైతొకడు, కొత్తగా పెళ్లయినవాడు. వాడు ఫోన్లో మాట్లాడితే ఫోను అక్కర్లేదు, మూడు పొలాల అవతలికి వినపడుతుంది. "అన్నా! వాన పడింది కదా, చేను అదునులో ఉంది, మందు వేసేద్దామని బస్తాలు మెడమీద పెట్టుకోబోతున్నా. ఎన్ని వెయ్యమంటావు, రెండేనా?"

మా ఆయన గడియారం చూసుకున్నాడు. "ఒక్క నిమిషం లైన్లో ఉండు" అన్నాడు వాడితో. ఫోను చెవికి దూరంగా పట్టుకుని, సెకన్ల ముల్లు మీదే చూపు పెట్టి, పెదాలు కదుపుతూ, "అరవై" అన్నాడు నాతో.

సూది దించాను. ఆడించాను, లాగాను, నాలుగో సీసా నింపాను. రాస్తూ ఉండిపోయాను, అవసరం కంటే నెమ్మదిగా, తల ఎత్తకుండా. తలెత్తితే ఆయన నా కోసం చెప్పినట్టు అవుతుంది. ఆయన నన్ను చూడటం లేదని నాకు తెలుస్తోంది, నల్లబారిన ఆ ఆకుల్ని చూస్తున్నాడు.

"ఇవాళ వెయ్యకు" అన్నాడు ఫోన్లో. "మట్టి ఆరనీ. రెండ్రోజులాగి, మొక్క మొదట్లో గుంట తీసి పెట్టి, మట్టి కప్పు. పైన చల్లకు. ఒకటి చాలు."

"ఒకటేంటన్నా! పోయినేడు రెండన్నావుగా?"

"పోయినేడు తప్పు చెప్పాను."

వాడి గొంతు కూడా తగ్గగలదని ఇవాళే తెలిసింది. "పంట తగ్గితే ఎలాగన్నా? పెళ్లయ్యాక మొదటి పంట అని ఇంట్లో చెప్పుకున్నాను" అన్నాడు.

"తగ్గితే నా దగ్గరికి రా" అన్నాడు మా ఆయన. "కొట్టుకి కాదు, ఇంటికి రా. మేమిద్దరం ఉంటాం."

ఫోను పెట్టేసి చొక్కా జేబులో వేసుకోబోయాడు. జేబు దొరకలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు, ఫోను జేబు అంచుకి తగిలి పక్కకి జారింది. లేచి వెళ్లి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ జేబులో నేనే పెట్టాను. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"నిజంగా తగ్గితే?" అన్నాడు.

"తెలియదండీ" అన్నాను. "నాక్కూడా భయంగానే ఉంది."